‘ఇది ఎవరిదండీ’ అని అడిగే మనిషి

ఆవిడ పోయిందని ఫోన్లో చెప్పిన మిర్చి యార్డు షావుకారు కోటయ్య గారు, ఆ కబురు వెనకే అడిగిన మాట, "ఫోటో ఎక్కడ పెట్టాలి మాస్టారూ?" అని.

నేనింకా కుర్చీలో సర్దుకోనేలేదు. పోయిన మనిషి నాకంటే బాగా చిన్నది. జ్వరమని ఆస్పత్రికి వెళ్ళిందట, తిరిగి రాలేదట. అంతకుమించి ఆయనకూ తెలియదు.

"మన వరసలో ఏ దుకాణంలో కంప్యూటర్ తెరిచినా ఆ అమ్మాయి కనపడాలండి, ఒక్కరోజు. మా పిల్ల దగ్గర కాలేజీలో తీసిన ఫోటో ఉంది. ఎక్కడ పెట్టాలో మీకు తప్ప ఎవరికి తెలుసు?" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ ఏది ఎక్కడ పెట్టాలో నాకు చెప్పిన మనిషి. పోయాక కూడా ఆవిణ్ణి ఎక్కడ పెట్టాలో తేల్చే పని నా నెత్తినే పడింది.

పేరు రాయను. గుంటూరు మిర్చి యార్డులో మా వరస దుకాణాల దగ్గర నిలబడి 'మేడమ్ గారు' అంటే చాలు, ఎవరి గురించో తెలిసిపోతుంది. నా కడుపుమంట అక్కడే మొదలు.

నా సంగతి నాలుగు ముక్కలు చెప్పకపోతే ఆ మంట ఏమిటో మీకు అర్థం కాదు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర పనిచేశాను, టైపు నేర్చుకున్నాను, గుంటూరులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. టైపు మిషన్ల రోజులు అయిపోతున్నాయని తెలిశాక పాత పుస్తకాల కొట్లో కంప్యూటర్ పుస్తకాలు కొని, పక్కన నిఘంటువు పెట్టుకుని, తడుముకుంటూ చదివాను. నాకు చెప్పినవాడు లేడు. తప్పయితే తప్పని చెప్పినవాడు కూడా లేడు. డబ్బు పోసి డిగ్రీలు చదివినవాళ్ళు లినక్స్ అనే పేరు వినకముందే నేను దాన్ని ఒక పాత మిషన్లో ఎక్కించి నడిపించాను.

మా వరసలో కమీషన్ దుకాణాలన్నిటికీ కలిపి ఒక సర్వర్ పెట్టింది నేనే. కోటయ్య గారి దుకాణం వెనక గదిలో ఉండేది. మిరప దుమ్ముకు దాని ఫ్యాను పూడుకుపోతుంటే బట్టతో తుడిచింది నేనే. కేబుల్ టీవీ వాళ్ళను బతిమాలి దుకాణం నుంచి దుకాణానికి వైరు లాగించింది నేనే. ఏ రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని వచ్చాయి, ఏ రేటుకు పోయాయి, అమ్ముడుపోని సరుకు ఏ కోల్డ్ స్టోరేజీలో ఉంది, అన్నీ బ్రౌజరు తెరిస్తే తెలుగులో కనపడేవి. మీసాలు నెరిసిన షావుకార్లు నన్ను 'మాస్టారూ' అనేవారు. ఫీజు కట్టిన పిల్లలు అనడం వేరు, వాళ్ళు అనడం వేరు.

సర్వర్లో ఒక ఫోల్డరు ఉంటుంది. బ్రౌజరులో ఎవరేది అడిగినా అది అందులోంచే తీసి చూపిస్తుంది. దాని పేరు మూడు డబ్ల్యూలు. మా యార్డులో అది 'మూడు డబ్ల్యూల గది' అయింది. నా ప్రోగ్రామంతా ఒక ప్యాకేజీగా కట్టి అందులోనే దించాను. ఒక్కో దుకాణం పేజీలకు ఒక్కో అర. అందరికీ కావలసినవి, అంటే తెలుగు అక్షరాలు, తెరమీద నొక్కే బొత్తాల బొమ్మలు, మొదటి పేజీ పైన కనపడే పటం, ఇవి మాత్రం ఒక్కొక్కటే, గది నడిమధ్యలో. ఒకటి అందరికీ సరిపోతుంటే దుకాణానికొకటి ఎందుకు? ఇప్పటికీ అది మంచి ఆలోచనే అంటాను.

పటం చోట ఏదో ఒకటి ఉండాలి కనుక నా ఇన్‌స్టిట్యూట్ బోర్డు బొమ్మ పెట్టాను. కోటయ్య గారు మర్నాడే అది తీయించి వెంకటేశ్వరస్వామిని పెట్టించారు. వ్యాపారం చేసే చోట దేవుడుండాలి, సరే.

తరవాత దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు యార్డులో కాటాలకు, కొక్కేలకు, లారీలకు పూజ చేస్తారు. కంప్యూటర్లు వచ్చాక వాటికీ చేస్తున్నారు. తెర అంచుకు గంధం, కుంకుమ, పైన బంతిపూల దండ. ఆ రోజు పాత పటం తీసి కొత్త పటం పెట్టడం ఆనవాయితీ. గోడమీద మార్చినవాళ్ళు తెరమీద మార్చకుండా ఉంటారా? కోటయ్య గారి పక్క దుకాణం శివయ్య పొద్దున్నే పెదకాకాని వెళ్ళి దర్శనం చేసుకుని, వస్తూ వస్తూ మల్లేశ్వరస్వామి ఫోటో స్కాన్ చేయించుకొచ్చి, పాత పటం మీద దాన్ని దించేశాడు. పటం ఒక్కటే కాబట్టి వరసంతా మల్లేశ్వరస్వామే కొలువుతీరాడు.

నిలువు నామంతో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కోటయ్య గారు తెర చూసి పెట్టిన కేకకు హమాలీలు మూటలు దించేశారు.

"ఒరేయ్ శివయ్యా! నా దుకాణంలో నా స్వామిని తీసేయడానికి నువ్వెవడివిరా?"

"నేను నా దుకాణంలో పెట్టుకున్నాను బావా. నీ గడప తొక్కానా?"

"తొక్కకుండానే మా స్వామి లేచిపోయాడా?"

కోటయ్య గారు వెంకటేశ్వరస్వామిని మళ్ళీ పెట్టారు. శివయ్య తెరమీద మల్లన్న మాయం. శివయ్య మళ్ళీ పెట్టాడు. మధ్యాహ్నానికి మూడో దుకాణం వాళ్ళ అంకమ్మ తల్లి కూడా రంగంలోకి దిగింది. అప్పుడు నన్ను పిలిచారు. ఏ దుకాణం పటం ఆ దుకాణానికే కనపడేలా పేజీలు దిద్ది, ప్యాకేజీ కొత్తగా కట్టి దించాను. నా ప్యాకేజీ తాను దిగేముందు గది ఊడ్చుకునేది. ఊడవకపోతే పాత చెత్త మిగిలిపోదూ? అలా ఊడ్చినప్పుడు దేవుళ్ళందరూ పోయారు. సరుకు రంగు చూపించడానికి దుకాణాలవాళ్ళు అదే గదిలో దాచుకున్న మిరపకాయల ఫోటోలు కూడా పోయాయి. విజయదశమి పొద్దున వరసంతా, బంతిపూల దండ కింద, గంధం కుంకుమల మధ్య, ప్యాకేజీతోపాటు దిగిన నా ఇన్‌స్టిట్యూట్ బోర్డు వెలిసింది.

"ఏమయ్యా మాస్టారూ, దేవుడి చోట నీ బోర్డు పెట్టుకున్నావేంటి? హారతి నీకే ఇమ్మంటావా?" అన్నాడు శివయ్య. వరసంతా నవ్వింది.

నా గదిలో వాళ్ళ వస్తువులు దాచుకోమని నేను చెప్పానా? అడిగినవాడు లేడు. నవ్వారంతే.

ఆ వారంలోనే కోటయ్య గారు ఆవిణ్ణి తీసుకొచ్చారు. ఆయన కూతురు చదివే కాలేజీలో కంప్యూటర్ లెక్చరరు. సొంతూరు సింగరాయకొండ, తండ్రి అక్కడ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాడు. సన్నగా, పొట్టిగా ఉంది. తడిపిన చేతిరుమాలు ముక్కుకు కట్టుకుంది. మబ్బు పట్టిన రోజున కూడా చేతిలో గొడుగు. మిర్చి యార్డుకు కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మకుండా గేటు దాటరు. నేను మొదటిసారి వచ్చినప్పుడు తుమ్మి తుమ్మి కాటా పక్కన కూలబడ్డాను. ఆవిడ ఒక్క తుమ్ము తుమ్మలేదు. ఆవిడంటే నాకు పడకపోవడానికి ఆ ఒక్కటి చాలు.

"నమస్కారం మాస్టారూ. మీ ప్రోగ్రాం చూశానండి. చాలా బాగుంది."

"బాగుంటే నిన్నెందుకు పిలిచారమ్మా?"

"పటాలు కలిసిపోయాయంటేనండి," అని నవ్వింది. కుర్చీ లాక్కుని సర్వర్ ముందు కూర్చుంది. ఒక్కో ఫైలు మీద వేలు పెట్టి అడగడం మొదలెట్టింది.

"ఇది ఎవరిదండీ?"

"తెలుగు అక్షరాలు. ప్రోగ్రాంతో నేను తెచ్చినవి."

"ఇది ఎవరిదండీ?"

"కోటయ్య గారు దాచుకున్న మిరపకాయల ఫోటో."

"ఇదండీ?"

"అది టిక్కీల లెక్క. రోజూ పెరుగుతుంది."

"మూడూ ఒకే గదిలో ఎందుకున్నాయి మాస్టారూ?"

"గది నాది కాబట్టి."

"మీది కాదండి," అంది. గొంతు పెంచలేదు. "నాదీ కాదు. ఆ గది దుకాణాలవాళ్ళది. మన ప్యాకేజీ అందులో కాలు పెట్టకూడదండి. మనం తెచ్చినవాటికి 'షేర్' అని వేరే ఫోల్డరు ఉందిగా. అందరూ వాడుకునేవి అక్కడ పెట్టి, గదిలోంచి దారి చూపిస్తే చాలు."

షావుకార్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ లేచి బయటి అరుగు మీదకు వెళ్ళింది. అక్కడ రాలిన మిరప గింజలూ ఎర్ర దుమ్మూ పరుచుకుని ఉన్నాయి. గొడుగు మొనతో ఆ దుమ్ములో మూడు గళ్ళు గీసింది.

"తెచ్చింది ఒకచోట. పెట్టుకున్నది ఒకచోట. పెరిగేది ఒకచోట." తరవాత గొడుగు ఎత్తి కాటా వైపు చూపించింది. "ఆ కాటా ఎవరిదండీ?"

"వరసలో అందరిదీనమ్మా," అన్నాడు శివయ్య.

"దానిమీద మీ టిక్కీలు దాచుకుంటారా?"

"కాటా మీద ఎట్లా దాస్తానమ్మా? తూకం అవగానే దించాలి. లేకపోతే వెనకవాడు ఊరుకుంటాడా?"

"పాత కాటా పట్టుకుపోయి కొత్తది దించే రోజున మీ టిక్కీ దానిమీదే ఉందనుకోండి?"

శివయ్య కాటా వైపు తిరిగాడు. "ఓరి నాయనో! దాంతోపాటు అదీ పోద్ది!"

"మొన్న మీ మల్లేశ్వరస్వామికి జరిగింది అదేనండి. ఆయన్ని అందరి కాటా మీద కూర్చోబెట్టారు."

వరసంతా మళ్ళీ నవ్వింది. ఈ నవ్వు వేరు, విషయం తెలిసినవాళ్ళ నవ్వు. నేను మాత్రం నవ్వలేదు. ఆ కాటా పక్కన స్టూలు వేసుకుని ఏళ్ళ తరబడి టీ తాగినవాణ్ణి నేను. దానిమీద మూటలు ఎక్కడమూ దిగడమూ ఎన్నివేలసార్లు చూశానో. ఆ మాట నా నోట్లోంచి రావలసింది. గేటు దాటి గంట కాని మనిషి దాన్ని నా కళ్ళముందు నుంచి ఎత్తుకుపోయింది.

"మేడమ్ గారు చెప్పినట్టే పెట్టండి మాస్టారూ," అన్నారు కోటయ్య గారు. నాకు 'మాస్టారూ' అనే పిలుపు రావడానికి సంవత్సరాలు పట్టింది. ఆవిడకు 'మేడమ్', దాని పక్కన 'గారు', రెండూ ఒక మధ్యాహ్నంలో వచ్చేశాయి.

ఆ తరవాత కొన్ని నెలలు శనివారాలు వచ్చేది. పని చూసుకుని అట్నుంచి అటే సింగరాయకొండ బస్సెక్కేది. మా ఇల్లు దారిలోనే కాబట్టి ఒకసారి మా ఆవిడ కాఫీకి పిలిచింది. అంతే, శనివారమంటే మా ఇంట్లో గోంగూర నూరడం మొదలైంది. నేను అడిగితే 'మోకాళ్ళ నొప్పి' అనే మా ఆవిడ, మేడమ్ కోసం రోటి దగ్గర కూర్చునేది. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి పిన్నిగారూ?" అని ఆవిడ గుమ్మంలోనే అడిగేదట. నేను ఎప్పుడైనా అడిగానా అని మా ఆవిడ నన్ను అడిగింది. ఇదీ వరస.

దుకాణం దుకాణానికీ తిరిగి ఎవరి దేవుడెవరో కనుక్కుని, ఎవరి పటం వాళ్ళ అరలో పెట్టింది. తాను ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. అయినా ఒక దుకాణం దేవుడు ఇంకో దుకాణంలోకి తొంగి చూడకుండా అంత పట్టింపుగా సర్దిన మనిషిని నేను చూడలేదు. "అంకమ్మ తల్లి ఎవరిదండీ?" అని వెనక గదిలోంచి అరిచేది. "మాదేనమ్మా!" అని మూడో దుకాణం నుంచి కేక వచ్చేది. "మా తల్లికి కొంచెం పెద్ద చోటివ్వమ్మా!" అని ఇంకో కేక.

ప్రతిదానికీ చోటుండాలనే ఆ మనిషికి తన గొడుగు ఎక్కడుందో ఎప్పుడూ తెలియదు. బస్సు టైమైందని పరిగెత్తేది, గొడుగు ఇక్కడే మిగిలిపోయేది. చివరికి కోటయ్య గారు గల్లాపెట్టె పక్క గోడకు దానికోసం ఒక మేకు కొట్టించారు. వైర్లు లాగించిన వరసలో నా పేరున ఒక మేకు లేదు.

ప్యాకేజీ మీద కట్టినవాడి పేరు రాసే చోటొకటి ఉంటుంది. అంతా అయ్యాక తెరిచి చూశాను. ఆవిడ పేరు లేదు. నాదే ఉంది.

"నీ పేరు రాసుకోలేదేమ్మా?"

"ప్రోగ్రాం మీది కదండీ. నేను చోట్లు మార్చానంతే."

ఇంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. పేరు తీసుకుని ఉంటే దొంగ అని యార్డంతా చాటేవాణ్ణి. తీసుకోకుండా ఆ మాట కూడా నాకు మిగల్చలేదు.

"మరి నా బోర్డు?"

"తీయలేదండి. అది మీరు తెచ్చింది కదా, 'షేర్'లో ఉంది. ఏ దుకాణం వాళ్ళయినా తమ పటం తీసేస్తే దానంతటదే కనపడుతుంది."

ఏ దుకాణం వాళ్ళు తమ దేవుణ్ణి తీసేస్తారు? అలా నా బోర్డు అన్ని దుకాణాలకూ చెందింది, ఏ దుకాణంలోనూ కనపడకుండా పోయింది.

ఒక్కసారి సింగరాయకొండలో స్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఇంటికి వెళ్ళాను. దేవుడి కోసమే వెళ్ళానని మా ఆవిడకు చెప్పాను గాని, ఇంత చెప్పే మనిషి ఇల్లెలా ఉంటుందో చూడాలని నాకు పట్టరాని కోరిక. గుమ్మంలోనే నా మనసు చల్లబడింది. తండ్రి కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. అది బియ్యం డబ్బాలో దొరికింది. ఆవిడ కాలేజీ పుస్తకాల మీద తమ్ముడి చొక్కాలు. గ్యాస్ పొయ్యి పక్కన బైబిలు, బైబిలు మీద తాళాలగుత్తి.

"ఏమ్మా, ఇది ఎవరిదండీ?" అన్నాను తాళాలు ఎత్తి పట్టుకుని, ఆవిడ గొంతుతోనే.

ఆవిడ పగలబడి నవ్వింది. "ఇంట్లో అన్నీ అందరివే మాస్టారూ. అందుకే ఏదీ దొరికి చావదు."

తండ్రి కూడా నవ్వాడు, తమ్ముడు కూడా. కళ్ళజోడు బియ్యం దులుపుకుని తండ్రి నాకు మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. "మా అమ్మాయి మీ గురించే చెబుతుందండి. ఎవరూ చెప్పకుండా అంత నేర్చుకున్నారట," అన్నాడు. ఒంగోలు వచ్చేదాకా బస్సులో నా గెలుపు నెమరేసుకున్నాను. ఒంగోలు దాటాక ఆ ఇంటి నవ్వు గుర్తొచ్చింది. మా ఇంట్లో నా వస్తువులు ఎవరూ ముట్టుకోరు, అన్నీ పెట్టినచోటే ఉంటాయి. ఆ నవ్వు కూడా ఆవిడకే ఎక్కువ దక్కిందని అప్పుడు తెలిసింది.

తరవాత తండ్రికి బాగాలేక ఆవిడ సొంతూరికి దగ్గరలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. సర్వర్ మళ్ళీ నా చేతికొచ్చింది. గెలిచాననుకున్నాను. కానీ ఏది చెడిపోయినా, ఏ కొత్త ఫైలు కనపడినా ముందు నా నోటికి వచ్చే మాట, "ఇది ఎవరిది?" అని. నా నోట్లో కూడా చోటు చేసుకుంది మనిషి.

ఇక ఆ ఫోటో సంగతి.

యార్డుకు వెళ్ళాను. కోటయ్య గారి కూతురు ఫోటో పంపింది. కాలేజీలో ఏదో ఫంక్షన్, ఆవిడ కళ్ళు సగం మూసుకుని నవ్వుతోంది. చంకలో గొడుగు.

"అన్ని దుకాణాల్లో ఒకేసారి పెట్టడం కుదరదండి," అన్నాను. "ఆ పెట్టే దారి మూసేసింది ఆవిడే. ఎవరి పటం వాళ్ళదే ముందు. మీరందరూ ఎవరికి వాళ్ళు మీ దేవుళ్ళను తీస్తే, అడుగున 'షేర్'లో ఏది ఉంటే అది కనపడుతుంది."

ఒప్పుకోరనుకున్నాను. నిజం చెప్పాలంటే ఒప్పుకోకూడదనే కోరుకున్నాను. కోటయ్య గారు శివయ్య వైపు చూశారు.

"తీసేద్దాం బావా," అన్నాడు శివయ్య. "మల్లన్నకు ఆయన చోటు చూపించింది ఆ అమ్మాయేగా. ఒక్కరోజు ఆయనే ఆ చోటిస్తాడు."

కోటయ్య గారు వరస పొడుగునా నడుస్తూ కేకేసి చెప్పారు. వెంకటేశ్వరస్వామి తప్పుకున్నాడు. మల్లేశ్వరస్వామి తప్పుకున్నాడు. మూడో దుకాణంలో అంకమ్మ తల్లి తప్పుకుంది. ఒక్కో తెరమీద దేవుడు తప్పుకోగానే కింద నుంచి నా బోర్డు పైకొచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరకు, అన్ని దుకాణాల్లో, నా ఇన్‌స్టిట్యూట్ పేరు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తలపాగాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"మేడమ్ ఫోటో ఇంకా రాలేదేం మాస్టారూ?" అన్నాడు శివయ్య.

"వస్తుంది, ఆగు," అన్నాను. టీ తెప్పించుకున్నాను. కాటా పక్కన స్టూలు మీద కూర్చుని, ఎదుటి తెరల మీద నా బోర్డు చూస్తూ తాగాను. కుదరలేదని చెప్పి లేచి వచ్చేయవచ్చు. అది అబద్ధమని చెప్పగల మనిషి యార్డులో లేడు. చెప్పగల ఒక్క మనిషీ పోయింది. టీ అయిపోయాక కూడా అట్లాగే కూర్చున్నాను.

తరవాత లేచి వెనక గదిలోకి వెళ్ళాను. ఒక్కరోజు ముచ్చటే కాబట్టి ఫోటోను చేత్తో 'షేర్'లో పడేసినా సరిపోయేది. కానీ చేత్తో పెట్టింది తరవాత దిగే ప్యాకేజీతో పోతుంది. అందుకని నా బోర్డు తీసి, ఆ చోట ఆవిడ ఫోటో పెట్టి, ప్యాకేజీ కొత్తగా కట్టి దించాను. వరసంతా ఆవిడ గొడుగుతో ప్రత్యక్షమైంది. కోటయ్య గారు గొడుగు మేకుకు బంతిపూల దండ తగిలించారు.

మర్నాడు దేవుళ్ళందరూ ఎవరి చోటికి వాళ్ళు వచ్చేశారు. ఆవిడ మాత్రం వాళ్ళందరి అడుగున అలాగే ఉంది, నా బోర్డు ఉండాల్సిన చోట. నేను బోర్డు మళ్ళీ పెట్టలేదు. పెట్టమని అడిగినవాడు లేడు.

రేపు నాకేదైనా అయితే కోటయ్య గారు ఫోన్ చేసి, మాస్టారి ఫోటో ఎక్కడ పెట్టాలి అని ఎవర్ని అడుగుతారు? చోటు తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆ చోట్లో కూడా నాకంటే ముందే వెళ్ళి కూర్చుంది.